పలికితే ఒకటే

మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పెద్దాయన్ని అందరూ ఫుల్‌స్టాప్ బాబాయ్ అంటారు. ఆయన సరే అన్నాక ఇక ఆ పేజీకి తిరుగులేదు. రాతప్రతి నేను పైకి చదవాలి, అచ్చుకాగితం మీద ఆయన చూసుకోవాలి. ఈ పని నాకు నేర్పిందీ ఆయనే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాగుడే నా ఉద్యోగం. ఇంటికెళ్ళాక అత్తయ్య పిలిస్తే పలకడానికి గొంతు మిగలదు.

ఈసారి వచ్చింది మరీ చావు పని. పలికితే ఒకటే, రాస్తే వేరయ్యే ఇంగ్లీషు మాటల పుస్తకం. అలాంటి మాటకి తోక తగిలించి చదవడం మా పద్ధతి. "వెయిట్, ఆగేది. వెయిట్, తూకానిది. సీ, నీళ్ళది. సీ, కళ్ళది." ప్రతిదానికీ బాబాయ్ "ఊఁ" అనాలి. ఖర్మ, పుస్తకం నిండా తోకలే!

నీళ్ళు తాగుదామని లేచి, ఆయన భుజం మీదుగా చూశాను. తూకం వెయిట్ ఉండాల్సిన చోట కూడా ఆగే వెయిటే అచ్చేశారు. దానికీ "ఊఁ" అన్నాడు! ఒళ్ళు మండింది. వెనక పేజీలు లాగి చూస్తే అలాంటివి ఇంకా ఉన్నాయి. అన్నిటికీ సంతకం పెట్టేశాడు.

"బాబాయ్, నిద్రపోతున్నారా?"

"లేదమ్మా." కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "కనపడట్లేదు," అన్నాడు. "అంతా పాలు ఒలికినట్టుంది. ఓనరుకి తెలిస్తే పొమ్మంటాడు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. అవీ కనపడవు."

నా కోపం నీరుగారిపోయింది. ఆ పేజీలన్నీ నేనే దిద్దాను. అప్పట్నుంచి చదివేదీ నేనే, చూసేదీ నేనే. "ఊఁ" ఒక్కటే ఆయనది. కళ్ళు లాగేస్తున్నాయి, మెడ పట్టేసింది. "ఆయన నీకేమైనా మేనమామా?" అని మా ఆయన దెప్పుతున్నాడు. విసుగొచ్చేసింది.

చివరికి ఉండబట్టలేక అనేశాను. "శుక్లాలేగా బాబాయ్! ఆపరేషన్ చేయించుకోండి. మీరొచ్చేదాకా నేను నెట్టుకొస్తాను."

"అదేనమ్మా నా భయం," అన్నాడు. "నువ్వు నెట్టుకొచ్చేస్తావు. నేనొచ్చేసరికి నా కుర్చీలో నువ్వుంటావు."

"ఛ, అవేం మాటలు!" అన్నానేగానీ గట్టిగా అనలేకపోయాను. ఆ పొద్దున్నే ఓనరు నన్ను పక్కకి పిలిచి, "పెద్దాయన పని నువ్వు చేయగలవా?" అని అడిగాడు. చేయగలనని చెప్పేశాను.