మల్లయ్య మాట మానుకున్న తపస్సు కాలం

1962లో నల్లగొండలోని ఒక కాథలిక్ మిషన్ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. హాస్టల్ వార్డెన్ పని కూడా నాదే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. ఆ సంబరం ఎంతటిదంటే, హాలియాలో ఎక్కిన బస్సు కండక్టరుకు కూడా నేను బి.ఎస్సీ. పాసయ్యానని చెప్పాను. "మంచిదే సారూ, జర లోపలికి జరుగుండ్రి" అన్నాడతను.

మార్చి వచ్చేసరికి ఆ సంబరం మీద అలసట పేరుకుంది. పగలంతా క్లాసులు, సాయంత్రం స్టడీ అవర్, అంటే హాస్టల్ పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి చదివించడం. పదో తరగతి వాళ్లకు హెచ్.ఎస్.సి. పరీక్షలు దగ్గరపడ్డాయి. అప్పుడే తపస్సు కాలం మొదలైంది. ఈస్టరుకు ముందు క్రైస్తవులు నలభై రోజులు ఉపవాసంతో, ప్రార్థనతో గడిపే కాలమది. ఒక్కో విద్యార్థి తనకు ఇష్టమైనదొకటి ఆ రోజుల్లో మానుకోవాలి. హిందూ పిల్లలకు బలవంతం లేదు కానీ, హాస్టల్లో అందరూ పోటీపడి చేరేవారు. ఎవరేం మానుతున్నారో రిజిస్టరులో రాయడం వార్డెన్ పని.

ఒకడు బెల్లం అన్నాడు, ఇంకొకడు బంతాట అన్నాడు. మల్లయ్య వంతు వచ్చింది. వాడు అచ్చంపేట దగ్గర గొర్రెలు కాసే ఇంటి పిల్లవాడు. పదో తరగతి. లెక్కల్లో దిట్ట. నోటికి మాత్రం తాళం లేదు.

"నువ్వేం ఇడ్చిపెడ్తవురా?"

"గొంగడి ఇడ్చిపెడ్త సార్."

"ఎండకాలంల గొంగడి ఎవడు కప్పుకుంటడురా? నీకాడ ఉన్నదంత నోరే. గదే ఇడ్చిపెట్టు, మేం జర బతుకుతం."

అందరూ నవ్వారు. మల్లయ్యా నవ్వాడు. వాడి పేరు పక్కన 'మాట' అని రాసి, నేను తరువాతి పేరు పిలిచాను.

మర్నాటి నుంచి వాడి గొంతు వినపడలేదు. ప్రశ్న అడిగితే వచ్చి బోర్డు మీద లెక్క చేసి వెళ్లేవాడు. పరీక్షల భయం పట్టుకుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఎవరూ వాగకుండా స్టడీ అవర్ గడిచిపోతుంటే నాకు ప్రాణం తెరిపిన పడింది. అన్న మాట నేను పూర్తిగా మరిచిపోయాను.

పదకొండో రోజు ఆదివారం. మల్లయ్య తండ్రి బీరయ్య కొడుకును చూసిపోదామని వచ్చాడు. కాసేపటికే నా గది ముందుకు పరుగెత్తుకొచ్చాడు. భుజం మీద కొడుకు ట్రంకు పెట్టె, వెనక తల వంచుకుని మల్లయ్య.

"సారూ, మా పోరనికి నోరు పడిపోయింది! వచ్చిన కాడి సంది పిలుస్తున్న, ఉలుకు లేదు పలుకు లేదు. ఏ గాలి సోకిందో ఏమో. ఊరికి తోల్కపోయి మంత్రం ఏయిస్త."

"పరీక్షలున్నయి పెద్దయ్యా. ఇప్పుడు పోతే ఏడాది పోతది."

"నోరే లేనోనికి పరీచ్చెందుకు సారూ?"

"మల్లయ్యా, మాట్లాడురా!" అన్నాను. వాడు కళ్లనీళ్లతో బల్ల మీది రిజిస్టరు తెరిచి, తన పేరు పక్కన నా చేతిరాత చూపించాడు.

"నవ్వులాటకన్నరా నేను" అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. నేను నవ్వుతూ అన్నదాన్ని వాడు దేవుడి ముందు పెట్టేశాడు. దాన్ని వెనక్కి తీసుకోవడం నా చేతుల్లో లేదు. బీరయ్య కొడుకు చెయ్యి పట్టుకుని గేటు వైపు కదిలాడు.

చర్చి దగ్గరికి పరుగెత్తి, మా హెడ్మాస్టరు ఫాదరును వెంటబెట్టుకొచ్చాను. ఆయన రిజిస్టరు చూశారు, నన్ను చూశారు. మల్లయ్య తల మీద చెయ్యి పెట్టారు.

"ఆదివారాలు ఈ నలభై రోజుల లెక్కలోకి రావు బిడ్డా. ఈ రోజు నువ్వు మాట్లాడొచ్చు."

"నిజంగనా ఫాదర్?" వాడి గొంతు బొంగురుగా వచ్చింది. వెంటనే తండ్రి వైపు తిరిగాడు. "బాపూ, నాకేం కాలే. మొక్కుకున్న గంతే. నన్ను తోల్కపోకే. పరీక్ష రాయాలె."

"దొంగ కొడకా, పానం తీసినవ్ గదరా!" అంటూ బీరయ్య వాడి వీపున ఒక్కటిచ్చి, అక్కడే కూలబడి ఏడ్చాడు. మల్లయ్య అతని పక్కన కూర్చుని, ఏ గొర్రె ఈనింది, అవ్వ మోకాలి నొప్పి ఎట్లున్నది, ఒకదాని మీద ఒకటి అడుగుతూనే ఉన్నాడు.

మిగతా రోజుల్లో పాఠానికీ పెద్దలకూ జవాబు చెప్పాలనీ, ఆటల దగ్గర మాత్రం మౌనంగా ఉండమనీ ఫాదర్ మొక్కు సడలించారు. పెట్టె మళ్లీ హాస్టల్లోకి చేరింది.

వెళ్లేముందు బీరయ్య నా దగ్గరికొచ్చాడు. కోపం లేదు.

"సారూ, మీరు సదువుకున్నోళ్లు. మీరు నవ్వులాటకన్నా మాకు తెల్వది, నిజమనే అనుకుంటం. జర సూస్కొని మాట్లాడుండ్రి."

డిగ్రీతో నా మాటకు విలువ వచ్చిందని మురిసిపోయానే గానీ, ఆ మాటను ఒక పిల్లవాడు తన తండ్రి ముందు కూడా దించకుండా మోస్తాడని అనుకోలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. గలగలా మాట్లాడే పిల్లవాడు రెండు రోజులు ఊరకుంటే, ఎంత అలసి ఉన్నా, వాడి బెంచీ దాకా నడిచి వెళ్లి ఏమైందని అడిగేవాణ్ని.