ఆకుపచ్చ గేటు కోసం ప్రార్థన

రహస్యం దాచడంలో నన్ను మించినవాళ్ళు మా కోనసీమలోనే లేరని ఒకప్పుడు నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే, ఒక ఆడపిల్ల నా దగ్గర దాచుకున్న మాటను పాతికమంది ఆడవాళ్ళ మధ్య, చేతిలో మైకు పట్టుకుని, కళ్ళు మూసుకుని మరీ కాపాడాను. ఎంత భద్రంగా కాపాడానంటే, మర్నాడు మధ్యాహ్నానికల్లా ఊళ్ళో ఆ సంగతి తెలియనిది మా గేదెకి ఒక్కదానికే. దానికి కూడా ఎవరో చెప్పే ఉంటారు. నేనే అడగలేదు.

ముందు నా గురించి కాస్త చెప్పుకోవాలి. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మా నాయనమ్మ వంటింటి గడప మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. చదవడంతో పాటు ఇంకో అలవాటు కూడా నేర్పింది, ప్రతిదానికీ కృతజ్ఞత చెప్పడం. కరెంటు ఉంటే స్తోత్రం. పోతే, కాసేపు టీవీ నోరు మూస్తుంది గనుక స్తోత్రం. మా ఆయన అంబాజీపేటలో కొబ్బరికాయల లారీలకి లోడు ఎత్తించే మేస్త్రీ. ఒకసారి కాయ జారి ఆయన భుజం మీద పడింది.

"తల మీద పడలేదు, దేవునికి స్తోత్రం" అన్నాను.

ఆయన భుజం రుద్దుకుంటూ, "అసలు పడకపోతే ఇంకా బాగా చెప్పుకునేదానివి కదా కరుణా" అన్నారు.

మా పక్కిల్లు సుభద్రమ్మ గారిది. వరిచేలూ కొబ్బరితోటా ఉన్న కుటుంబం, పొద్దున్నే దీపం పెట్టకుండా కాఫీ ముట్టని మనిషి. వాళ్ళ పెరటికీ మా పెరటికీ మధ్య నడుమెత్తు గోడ, ఆ గోడ మీదికి వంగి వాళ్ళ కరివేపాకు చెట్టు. ఆవిడ మనవరాలు హారిక. హైదరాబాదు కంపెనీలో ఉద్యోగమే గానీ కరోనా రోజుల్లో లాప్‌టాప్ పట్టుకుని మామ్మ దగ్గరికి వచ్చి, ఇక్కడే ఉండిపోయింది.

ఒకరోజు నేను గోడ పక్కన కూర్చుని రొయ్యలు ఒలుచుకుంటున్నాను. హారిక వచ్చి గోడ మీద మోచేతులు ఆనించింది.

"ఆంటీ, ఒకటి అడగనా? నవ్వకూడదు మరి."

"రొయ్యలు ఒలిచేటప్పుడు నవ్వితే ముల్లు గుచ్చుకుంటుందమ్మా. నవ్వను, అడుగు."

"మీరు అన్నం ముందు కళ్ళు మూసుకుని మాట్లాడతారు కదా. ఆయన తిరిగి మాట్లాడతారా?"

నేను రొయ్యల గిన్నె పక్కన పెట్టాను. హారిక తన కథంతా చెప్పుకొచ్చింది. ఫోనులో ఎవరో దొరసాని ఊపిరి పీల్చమంటే పీల్చిందట, వదలమంటే వదిలిందట. స్నేహితురాలు జాతకం చూపించిందట. డబ్బు కట్టి మౌనం క్లాసులో కూడా చేరిందట.

"అక్కడ అందరూ మ్యూట్‌లో ఉంటారాంటీ. అది మౌనమో, నెట్ పోయిందో తెలిసి చచ్చేది కాదు."

"మరి ఏం కావాలమ్మా నీకు?"

"అదే తెలీదు. ఏదో ఉందనిపిస్తుంది. అది నన్ను చూస్తోందా, నేనే ఊహించుకుంటున్నానా అని..."

మా చిన్నప్పుడు ఇలా అడిగేవాళ్ళు తక్కువ. ఎవరింట్లో ఏ జవాబు ఉంటే అదే, ఆవకాయలాగా, పిల్లల కంచంలో వేసేవారు. ఇప్పటి పిల్లలు జాడీ మూత తీసి, వాసన చూసి, పక్కింటి జాడీ కూడా చూస్తామంటున్నారు. కొందరికి అది పొగరులా కనిపిస్తుంది. నాకు ఆకలిలా కనిపించింది. ఇంతవరకూ నా బుద్ధి సరిగ్గానే పనిచేసిందని మీరు ఒప్పుకోవాలి. దాని పని ఇక్కడితో అయిపోయింది.

లోపలికి పరుగెత్తి ఒక చిన్న సువార్త పుస్తకం తెచ్చి గోడ మీదుగా అందించాను. ఆ పిల్ల తీసుకుంది. తీసుకుని, "ఎవరికీ చెప్పకండి ఆంటీ. తప్పని కాదు. నాకే తెలియనిదాని గురించి ఎవరైనా అడిగితే ఏం చెప్పను? మామ్మకి తెలిస్తే ఏమనుకుంటుందో" అంది.

"ఆయ్! నా కడుపులో పెట్టుకుంటానమ్మా."

మా కడుపులు రొయ్యలకి చాలుతాయి గానీ రహస్యాలకి చాలవని అప్పటికి నాకు తెలియదు. ఇంకో సంగతి గమనించారా? ఆ పిల్ల అడిగిన ప్రశ్నకి నేను జవాబు చెప్పనేలేదు. ఆ సంగతి నేను కూడా గమనించలేదు.

మర్నాడు గురువారం. చర్చి పక్క షెడ్డులో మా స్త్రీల కూడిక. ఒకావిడ కొడుకు కువైట్ నుంచి పంపిన సొమ్ముతో కొత్త సౌండు బాక్సు వచ్చింది. పాతికమందికి సౌండు బాక్సు ఎందుకని అడక్కండి, ఉంది గనుక పెడతాం. దాని మూతి రోడ్డు వైపు ఉంటుంది, వైరు అంతవరకే వస్తుంది గనుక. కూడికలో ప్రార్థన అంశాలు చెప్పుకోవడం మా పద్ధతి. ఒకరు మోకాళ్ళ నొప్పులన్నారు, ఒకరు వీసా అన్నారు, ఒకరు కోడలు అన్నారు. మైకు నా చేతికి వచ్చింది.

ఎవరికీ చెప్పనన్నాను, నిజమే. కానీ దేవుడికి చెప్పనని అనలేదు కదా! దేవుడికి చెప్పేటప్పుడు పక్కనున్నవాళ్ళు విన్నంత మాత్రాన అది చెప్పినట్టా? ఇంత తెలివి బడికి వెళ్తే రాదు.

"ఒక ఆత్మ కోసం ప్రార్థించాలండి. పేరు మాత్రం చెప్పను" అన్నాను.

మా కూడిక పెద్ద మార్తమ్మ గారు చెయ్యెత్తేరు. "పేరు అస్సలు వద్దమ్మా. దేవుడికి తెలుసు. ఆడపిల్లా, మగపిల్లాడా? ఆ మాత్రం తెలీకపోతే ప్రార్థన ఎలా చేస్తాం?"

"ఆడపిల్లేనండి."

"పెళ్ళయిందా?"

"ఇంకా లేదండి."

"మన ఊరేనా?"

"ఊరు చెప్పనండి. గోడ అవతలే అనుకోండి."

షెడ్డులో సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. నేను దాన్ని భక్తి అనుకున్నాను.

"కంప్యూటరు ఉద్యోగమండి. మనసులో ఏదో వెతుకులాట. అంతే, ఇంకొక్క ముక్క చెప్పను."

వెనక నుంచి ఎస్తేరు మెల్లగా, "ఆకుపచ్చ గేటా వదినా?" అంది.

"గేటు రంగు చెప్పనమ్మా! ఆకుపచ్చ రంగు ఊళ్ళో చాలా గేట్లకి ఉంటుంది."

ఊళ్ళో ఆకుపచ్చ గేటు ఒక్కటే ఉంది. మార్తమ్మ గారు మైకు అందుకుని కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, పేరు చెప్పని ఆ బిడ్డని జ్ఞాపకం చేసుకో! ఆ ఆకుపచ్చ గేటు తెరువు తండ్రీ! గోడ అవతల వెలుగు నింపు!" అందరూ ఆమేన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది నేనే. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మైకు దాటితే మా ఊరి కాలవ కూడా దాటుతుంది.

శుక్రవారం పొద్దున్న మార్తమ్మ గారు ఆకుపచ్చ గేటు తెరుచుకుని కరివేపాకు కోసం వచ్చేరు. నిజానికి ఆవిడ సొంత పెరట్లో ఉన్న కరివేపాకు చెట్టే ఊరంతటికీ పెద్దది. కోసుకున్నంతసేపూ కిటికీ వైపే చూసేరు. తర్వాత ఇంకొకావిడ, ఆ తర్వాత ఇద్దరు కలిసి. అందరికీ ఒకేసారి కరివేపాకు అయిపోయింది. పదకొండు దాటేసరికి ఆ చెట్టు మొక్కు తీర్చుకుని వచ్చిన గుండులా తయారైంది.

ఎస్తేరు ఇంకో అడుగు ముందుకు వేసింది. పనసపొట్టు కూర గిన్నెతో నేరుగా హారిక గది కిటికీ దగ్గరికి వెళ్ళి, ఊచల్లోంచి చెయ్యి పెట్టి, "అమ్మాయ్, భయపడకు! మేమంతా ఉన్నాం. నీ కోసం కన్నీళ్ళతో ప్రార్థిస్తున్నాం!" అంది.

ఆ పిల్ల మీటింగులో ఉంది. మైకు ఆన్‌లో ఉంది. హైదరాబాదులో కూర్చున్న మేనేజరు, "హారికా, ఇంట్లో ఎవరికైనా బాలేదా? కావాలంటే సెలవు తీసుకోండి" అన్నాడట.

సాయంత్రం ఆ పిల్ల గోడ దగ్గరికి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"ఎవరికీ చెప్పనన్నారు ఆంటీ."

"పేరు చెప్పలేదమ్మా, ప్రమాణంగా."

"గేటు చెప్పేరుగా."

"గేటు ఎస్తేరు చెప్పింది తల్లీ. నేను కాదనలేదు, అంతే."

చిన్నగా నవ్వింది. ఏడుపుకంటే హీనంగా ఉంది ఆ నవ్వు. "నేను వెతుక్కుంటున్నానాంటీ. ఇప్పుడు ఎదురైన ప్రతివాళ్ళూ దొరికిందా అని అడుగుతున్నారు." పుస్తకం గోడ మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని చూస్తే, మధ్యలో ఒక కరివేపాకు రెమ్మ గుర్తుగా పెట్టి ఉంది. రెండు రోజుల్లో సగం చదివేసింది. ప్రతిదానికీ కృతజ్ఞత చెప్పే నాకు ఆ పూట చెప్పుకోవడానికి ఏమీ దొరకలేదు.

మా ఆయన అన్నం కలుపుకుంటూ కథంతా విన్నారు.

"కరుణా, అంతర్వేదిలో చేపలు పట్టేవాళ్ళని చూసేవా? గాలం వేసి ఎలా కూర్చుంటారు?"

"నోరు మూసుకుని కూర్చుంటారండి."

"నువ్వు చేప వచ్చిందని బ్యాండుమేళం పిలిచేవు."

"అది చేప కాదండి, పక్కింటి పిల్ల."

"అది ముందే గుర్తుంటే గొడవే లేదు కదా!"

ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజమే. ఆ పిల్ల వచ్చి నన్ను ఒక మాట అడిగింది, నేను ఆ పిల్లని ఒక అంశం చేసేను. ఈ రోజుల్లో పిల్లలు దేవుడి గురించి అడగడం లేదని మేము అదే షెడ్డులో ఎన్ని గురువారాలు వాపోయామో! తీరా ఒకరు అడిగితే మనిషికి జవాబివ్వకుండా మైకుకి ఇచ్చాను.

మర్నాడు పొద్దున్నే పోయి క్షమాపణ అడుగుదామని బయల్దేరాను. మా పెరట్లో ఉన్న కరివేపాకు మొక్క ఒకటి వేళ్ళతో సహా తవ్వి చేత పట్టుకున్నాను. ఆకుపచ్చ గేటు తీస్తే, హారిక లేదు, అరుగు మీద సుభద్రమ్మ గారు. ఆవిడకి తెలియకూడదనే కదా ఆ పిల్ల అంతగా చెప్పింది! చెట్టు ఎందుకు బోడి అయిందో చెప్పకుండా చెట్టు గురించి క్షమాపణ ఎలా అడగడం?

"ఏంటి కరుణమ్మా, మొక్క పట్టుకొచ్చేవు?"

"అదేనండి మామ్మ గారూ... నా వల్ల ఒకళ్ళకి ఒక తప్పు జరిగిందండి. ఎవరికని మాత్రం అడక్కండి. పేరు చెప్పను."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని తాపీగా అన్నారు. "పేరెందుకులే. గేటు రంగు చెప్పు."

మొక్క నా చేతిలోంచి జారిపోయింది.

"గురువారం గురువారం ఇక్కడే కూర్చుని మీ బాక్సు వింటాను. నాకు వేరే కాలక్షేపం ఏముంది? మీ మార్తమ్మకి కుడి మోకాలు, ఎస్తేరు అల్లుడికి వీసా. ఆ వీసా వచ్చిందా ఇంతకీ?"

"ఇంకా లేదండి."

"పాపం." ఆవిడ గొంతు తగ్గించేరు. "మొన్న ఆ పిల్ల నన్ను కూడా అడిగింది. మామ్మా, దీపం పెట్టి ఎవరితో మాట్లాడతావు, వింటాడా అని. ఇన్నేళ్ళుగా పెడుతున్నాను కరుణమ్మా, ఒక్కరైనా అడిగిన పాపాన పోలేదు. ఎంత సంతోషమేసిందో! ఆలోచించి చెప్తానన్నాను. ఇంకా ఆలోచిస్తున్నాను. నువ్వేం చెప్పేవు?"

"ఏమీ చెప్పలేదండి."

"ఊరంతా చెప్పేవు, దానికి చెప్పలేదా?"

ఇంతలో లోపలినుంచి హారిక వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎప్పటినుంచి వింటోందో.

"ఇప్పుడు చెప్పండి ఆంటీ. తిరిగి మాట్లాడతారా?"

ఎన్నో పెద్ద మాటలు నోటిదాకా వచ్చేయి. అన్నీ షెడ్డు మాటలే. అవన్నీ మింగేసి నిజం చెప్పాను. "చాలాసార్లు మాట్లాడరమ్మా. నేనే మాట్లాడతాను. నేను మాట్లాడటం మొదలుపెడితే మధ్యలో ఆయనకి సందు దొరకదేమో. కానీ వింటున్నారని మాత్రం తెలుస్తుంది. ఎలాగంటే చెప్పలేను. మీ మామ్మ గారు ఈ అరుగు మీద కూర్చుంటే, చూడకపోయినా ఉన్నారని మా ఇంట్లో నాకు తెలుస్తుంది కదా, అలాగ."

"ఉండటమే కాదు, వింటాను కూడా" అన్నారు సుభద్రమ్మ గారు.

హారిక ఫక్కున నవ్వింది. ఈసారి నవ్వులాగే ఉంది. వచ్చి మా మధ్య అరుగు మీద కూర్చుంది. ముగ్గురం కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉన్నాం. నాకది ఎంత కష్టమో మీరు ఊహించుకోవచ్చు. లేచేటప్పుడు ఆ పిల్ల, "ఆ పుస్తకం మళ్ళీ ఇస్తారా? సగంలో ఉన్నాను" అంది. ఆ క్షణంలో నిన్నటి నుంచి బాకీ పడ్డ స్తోత్రాలన్నీ ఒక్కసారే చెప్పేసుకున్నాను, లోలోపల, మైకు లేకుండా.

ఆ పిల్ల ఎంతవరకు చదివింది, ఏమనుకుంది అని నేను ఇప్పటికీ అడగలేదు. అడిగినప్పుడు చెప్తాను, అడగనప్పుడు రొయ్యలు ఒలుస్తాను. కరివేపాకు చెట్టు మళ్ళీ చిగురేసింది.

ఆ రోజు నేను ఇంటికి బయల్దేరి గేటు దాకా వచ్చాక సుభద్రమ్మ గారు నన్ను వెనక్కి పిలిచి, చెవి దగ్గరగా, "నాకు కూడా ఒక అంశం ఉంది. ప్రార్థించు. బాక్సులో వినిపించిందో, ఊరుకోను" అని ఒక మాట చెప్పేరు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట చెయ్యెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి కోసం ప్రార్థించినా పేరు చెప్పను, గేటు చెప్పను, గోడ చెప్పను, ఆడో మగో చెప్పను. ఆయనకి ఇంటి నంబరు నేను అందించక్కర్లేదు. సుభద్రమ్మ గారు నా చెవిలో చెప్పింది నాతోనే మట్టిలో కలిసిపోతుంది. దాని గురించి ఒక్క ముక్క కూడా నా నోటి వెంట రాదు.

మీరు మరీ బతిమాలితే, అది మోకాళ్ళ గురించి కాదని మాత్రం చెప్పగలను.