వెండి రైలు, కింది మంచం

ఒమాన్‌లోని మా సోహార్ లేబర్ క్యాంపులో పాత రైళ్ల గురించి నాతో వాదించి గెలిచినవాడు లేడు. గాలికి అడ్డు తగలకుండా నున్నగా, ఒంపులు తిప్పి తయారుచేసి అమెరికాలో ఒకప్పుడు నడిపిన ప్యాసింజర్ రైళ్లంటే నాకు పిచ్చి. కంపెనీ బస్సులో ఫోన్ తెరిచానంటే సైట్ వచ్చేదాకా అవే. చివరి పెట్టె గుండ్రంగా ఉందా, చక్రాలను కప్పుతూ కిందికి రేకు దించారా, పైన అద్దాల గోపురం ఉందా చూసి, ఏ కాలం బండో చెప్పేస్తాను. పైగా నా డ్యూటీ షెడ్లకు రేకులు బిగించడం. రేకు గురించి నాకు ఇంకొకరు చెప్పాలా?

రూమ్‌లో మాది రెండంతస్తుల మంచం; కిందిది నాది, పైది ఒక పెయింటర్‌ది. మా కరీంనగర్ వైపు మనిషే, నాకంటే పెద్దవాడు, మోకాలి నొప్పి. కింది మంచం ఇమ్మని రెండుసార్లు అడిగాడు. రూమ్‌కి ముందొచ్చింది నేను, ఇవ్వనన్నాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఒకే వెండి రంగు రైలు ఫోటోలు రెండు చూపిస్తూ, పెట్టెలన్నీ పొడుగునా అడ్డంగా గాడులు నొక్కిన స్టీలు రేకువేనని రూమ్‌లో అందరికీ పాఠం చెబుతున్నాను. పెయింటర్ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ నడిమి పెట్టెకు గాడుల్లేవు తమ్మీ. రంగుతోని గీసిండ్రు."

"అన్నా, రైళ్ల సంగతి నీకేం ఎరుక? ఇది రంగైతే నా మంచం నీదే."

"అందరు ఇన్నరు గదా," అని ఆయన ఫోటోను వేళ్లతో పెద్దది చేశాడు. "ఈ ఫోటోల ఎండ పెట్టెల మీదనే పడ్డది. అన్నిటికి గీతలు కనబడుతున్నయ్. ఆ ఫోటోల ఎండ అవతలి దిక్కున్నది. గాడులల్ల నీడ పడక పక్క పెట్టెల గీతలు మాయమైనయ్. ఈ నడిమి దానియి గట్లనే ఉన్నయ్. నీడను సుత బ్రష్‌తోనే ఏసిండ్రు."

ఫోన్‌లో వెతికి చూస్తే నిజమే. పాత పెట్టెలు కొత్త స్టీలు పెట్టెల్లో కలిసిపోవాలని అలా నీడగీతలు గీసేవారట. ఒళ్లు మండింది, సిగ్గూ వేసింది.

ఇచ్చిన మాట మీద నిలబడాలి కాబట్టి, ఆ సాయంత్రమే పరుపు చుట్టి పై మంచం ఎక్కబోయాను. కాలు గాల్లో ఆడింది. నిచ్చెనకు మధ్య మెట్టు లేదు. విరిగిన చోట తుప్పు పట్టి ఉంది. ఎప్పుడో నడిచిన రైళ్ల కింది రేకును కూడా వదలని నేను, నా తల పక్కనే ఉన్న ఆ నిచ్చెనను ఒక్కసారీ చూడలేదు.

"అన్నా, ఈ మెట్టు ఎప్పటిసంది లేదు?"

"నేనచ్చినప్పటిసంది లేదు," అన్నాడు ఆయన, కింది మంచం మీద కాళ్లు చాపుకుంటూ. "పయిలం తమ్మీ, మెల్లగ ఎక్కు."