దర్జీ మోకాలు, కుండ కుదురు

1988 ఎండాకాలంలో నన్ను కల్వకుర్తిలోని ఒక దవాఖానకు ఫిజియోథెరపిస్టుగా వేశారు. డాక్టరును కాదు మొర్రో అన్నా ఎవరూ వినలేదు. కాపడం పెట్టే మిషన్లు ఉన్నాయి కాబట్టి 'కరెంటు డాక్టరు' అనే పేరు ఖాయమైంది.

రెండో వారంలో దర్జీ ఖాజా మియా మోకాలి నొప్పంటూ వచ్చాడు. కుట్టుమిషన్ ముందు పావుగంట కూర్చోలేకపోతున్నాడట. రంజాన్ పండుగకు నెలన్నరే ఉంది. "కూసోకుంటే కుట్టుడెట్ల సార్? గీ పండుగ తప్పితే గిరాకంత పక్క షాపుకు పోతది, నా దుకాణం బందే" అన్నాడు. పది రోజులు మోకాలికి కరెంటు దీపంతో కాపడం పెట్టాను. నొప్పి ఇసుమంతైనా తగ్గలేదు. నేను చెప్పిన వ్యాయామం ఎగ్గొడుతున్నావని కసిరాను కూడా.

పదకొండో రోజు అతని భార్య షాహీన్ బీ వెంట వచ్చింది. "మోకాలి సంగతి నాకెర్క లేదు సార్. మా కుండ కింది కుదురు రోజు మాయమైతాంది. కుండ దొర్లి ఇల్లంత నీళ్లు! సూస్తె ఈయన స్టూలు మీద ఏసుకోని దాని మీద కూసుంటున్నడు!" ఖాజా మియా గోడ వైపు తిరిగాడు.

కుదురంటే గడ్డి చుట్ట, నడుమ ఖాళీ. నడుమ ఖాళీగా ఉంటేనే హాయిగా ఉందంటే, నలుగుతున్నది మోకాలు కాదు, కటి అడుగున పోయే నరం. ఓరి నా తెలివీ అనుకున్నాను. ఆమెను బయట కూర్చోబెట్టి అడిగితే ఒప్పుకున్నాడు. "గా జాగల నొప్పని ఎట్ల చెప్పాలె సార్? మోకాలైతే ఇజ్జత్ ఉంటది."

సర్జన్ చూసి వేరే జబ్బేదీ లేదన్నాక చికిత్స మార్చాను. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పొట్ట నిండా ఊపిరి తీస్తూ కటి అడుగున ఉండే కండరాలను వదులు చేయాలి. చాలామంది బిగిస్తారు. బిగుతు కుట్టు విప్పినట్టు వదలమంటే దర్జీకి వెంటనే అర్థమైంది. ఒక్కో చొక్కా చేయి కుట్టగానే లేచి నాలుగడుగులు వేయమన్నాను. కుదురు మానొద్దన్నాను.

మూడు వారాలకు ముప్పావుగంట కూర్చున్నాడు. పండుగ బట్టలన్నీ వేళకు అందాయి. అప్పుడు పీలికలతో తనకొక గుండ్రని దిండు కుట్టుకుని, కుదురు వాపసిచ్చాడు. షాహీన్ బీ ముట్టుకోలేదు. "ఇగ దాని మీద తాగే నీళ్లెట్ల పెట్టాలె?" అంది.

అప్పటినుంచి రోగిని 'నొప్పి ఎక్కడ' అని అడిగే ముందు 'దేని మీద కూర్చుంటారు' అని అడిగేవాణ్ని. మొదటి ప్రశ్నకు చాలామంది అబద్ధం చెప్పారు. రెండోదానికి, నేను రిటైరయ్యేదాకా, ఒక్కరూ అబద్ధం చెప్పలేదు.