పక్కింటి అక్కకు నేర్పిన విమానాలు

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఆకాశానికి అడ్డొచ్చేవి పెద్దగా ఉండేవి కావు. విసిరేసినట్టుగా ఇళ్లు, వాటి వెనక ద్రాక్ష తోటలు, ఎల్బీ నగర్ వైపు పోతే అన్నీ పొలాలే. మా నాన్నగారి ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి అక్కడ అద్దెకు దిగాం. ఆ కొత్త చోట మనుషులకన్నా ముందు నాకు విమానాలే మచ్చికయ్యాయి. నగరానికి అవతలి పక్కనున్న సైనిక స్థావరాల నుంచి లేచినవి అప్పుడప్పుడూ మా వీధి మీదుగా పోయేవి. అన్నం తింటున్నా సరే, చప్పుడు వినబడితే ఎంగిలి చేత్తోనే బయటికి పరుగెత్తేదాన్ని.

నా పిచ్చిని గమనించి చేరదీసింది పక్కింటి బావ. పక్కింటి అక్క భర్త కాబట్టి బావ అనేదాన్ని. వాళ్లది మీర్‌పేట్ దగ్గరి పల్లె. ఆయన వైమానిక దళంలో పనిచేసేవాడు. డకోటా అనే పాత రవాణా విమానంలో తిరిగేవాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా నన్ను పిట్టగోడ మీద కూర్చోబెట్టి, ఏ విమానాన్ని ఎలా గుర్తుపట్టాలో చెప్పేవాడు. వెనక రెండు తోకలతో ఈల వేసినట్టు దూసుకుపోయేది వాంపైర్. డకోటాను మాత్రం కళ్లు మూసుకునే పోల్చుకోవాలనేవాడు. దానికి రెండు ఇంజిన్లు. రెండూ సరిగ్గా ఒకే వేగంతో తిరగకపోతే చప్పుడు అలలు అలలుగా, పెరుగుతూ తగ్గుతూ వస్తుంది. అప్పటికే అది రెండో ప్రపంచ యుద్ధం నాటి ముసలి విమానం. "ముసల్దే గని మొండిది" అని మురిసిపోయేవాడు.

ఒక వానాకాలం ఆ విమానమే ఆయన్ను తీసుకుపోయింది. ఈశాన్యపు కొండల్లో ఉన్న సైనికులకు బియ్యం, మందులు జారవిడవడానికి వెళ్లి, మబ్బుల్లో దారి కానక కొండను గుద్దుకుందట. అందులో ఉన్నవాళ్లెవరూ మిగల్లేదు.

ఆ తర్వాత మా వీధి గొంతు తగ్గించుకుంది. "అక్క ముందు విమానాల ఊసెత్తావంటే ఊరుకోను" అంది మా అమ్మ. మంచి మనసుతోనే అంది. అందరూ అంతే జాగ్రత్తగా ఉన్నారు. నేను గీసుకున్న విమానాల బొమ్మలన్నీ ట్రంకుపెట్టె అడుగుకు పోయాయి. నాకూ లోపల ఏదో విరిగింది. నేను అంతగా ఇష్టపడ్డదే బావను చంపింది. మళ్లీ దాన్నెలా ఇష్టపడటం? చప్పుడు వినబడితే లోపలికి పోయి చెవులు మూసుకునేదాన్ని.

చలికాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం అమ్మ ఇచ్చిన పులిహోర గిన్నె తీసుకుని పక్కింటి డాబా ఎక్కాను. అక్క బట్టలు ఆరేస్తోంది. సరిగ్గా అప్పుడే దూరంగా ఇంజిన్ చప్పుడు మొదలైంది. నేను గిన్నె కింద పెట్టేసి రెండు చెవులూ మూసుకున్నాను. అక్క వచ్చి నా చేతులు తీసేసింది.

"చెవులెందుకు మూస్కుంటున్నవే?"

"నీ దగ్గర విమానాల మాట ఎత్తొద్దంది అక్కా, మా అమ్మ."

అక్క చేతిలోని తడి చీరను పిట్టగోడ మీద పడేసింది. "మీ బావ పోయినప్పటి సంది గల్లీల ఒక్కరు సుత ఆయన ముచ్చట తీస్తలేరు. నేను ఏడుస్తనని భయం. ఏడిస్తే ఏడుస్త. గా మనిషి అసలు లేనే లేనట్టు చేస్తే నేనెట్ల బతకాలె?" అంది. తర్వాత మెల్లగా, "గది ఏ విమానమో చెప్పు" అంది.

కళ్లు మూసుకున్నాను. చప్పుడు పెరుగుతూ తగ్గుతూ వస్తోంది. "డకోటా, అక్కా."

ఎలా తెలిసిందని అడిగింది. బావ చెప్పినవన్నీ చెప్పాను, రెండు ఇంజిన్ల సంగతీ, రెండు తోకల వాంపైర్ సంగతీ. అక్క కూడా పిట్టగోడ పట్టుకుని కళ్లు మూసుకుంది. ఆ విమానం మా మీదుగా పోయి, చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా కదల్లేదు.

"గిదంత నాకెన్నడు చెప్పలే. నేను అడిగితె కద! ఇంటికొస్తే బట్టలకు నూనె వాసనని కొట్లాడుడే సరిపాయె" అని అక్కడే కూలబడి ఏడ్చింది. నాకు పారిపోవాలనిపించింది, కానీ పక్కనే కూర్చున్నాను. చాలాసేపటికి మొహం తుడుచుకుని, "రేపు గూడ రా. గా రెండు తోకలది ఎట్లుంటదో చూపియ్యి" అంది.

ఇంటికి పోయి ట్రంకుపెట్టెలోంచి బొమ్మలు తీశాను. అమ్మ కసురుకుంటుంటే గోడ అవతలి నుంచి అక్క గొంతు వినిపించింది. "దాన్నేమనకుండ్రి చిన్నమ్మా, నేనే తెమ్మన్న." అమ్మ వెనక్కి తగ్గింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరగడం చూశాను.

ఆ చలికాలమంతా డాబా మీద నేను టీచర్ని, అక్క స్టూడెంట్. ఒకసారి విజయవాడ రోడ్డు మీద పోయే లారీ మోత విని డకోటా అనేసింది. తర్వాత తన పొరపాటుకు తనే నవ్వింది. బావ పోయాక ఆమె నవ్వగా చూడటం నాకదే మొదటిసారి. ఆ తర్వాత ఆమె టీచర్ ట్రైనింగ్ చేసి నల్లగొండ వైపు ఉద్యోగానికి వెళ్లిపోయింది. నా విమానాలను మాత్రం నాకు తిరిగి ఇచ్చి వెళ్లింది.

ఇప్పుడు మన్సూరాబాద్‌లో మా భోజనాల బల్ల సగం పాత యుద్ధ విమానాల ప్లాస్టిక్ నమూనాలతో నిండి ఉంటుంది. ఈ వయసులో ఇదేం సరదా అని మా కోడలు నవ్వుతుంది. సరదాయే, కానీ ఒక్కొక్క రెక్క అతికిస్తున్నప్పుడు, వాటిలో ఎగిరి తిరిగి రానివాళ్లు కూడా గుర్తుంటారు. ఇష్టమూ దుఃఖమూ ఒకే చోట ఉండగలవని నాకు ఆ డాబా మీదే తెలిసింది.

మొన్న నాగోల్‌లో తెలిసినవాళ్లింటికి పరామర్శకు వెళ్లాను. చేతికందిన కొడుకు పోయాడు. వచ్చినవాళ్లంతా ఆ తల్లితో బీపీ మందుల గురించీ ఎండల గురించీ మాట్లాడుతున్నారు. నేను ఆమె పక్కన కూర్చుని, "మీ అబ్బాయికి ఏమంటే ఇష్టమమ్మా?" అని అడిగాను. గదిలో ఉన్నవాళ్లు నన్ను కోపంగా చూశారు. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు కాస్త నెమ్మదించాక, కొడుకు పెంచిన రంగు చేపల గురించి మొదలుపెట్టి, దేనికి ఏం పేరు పెట్టాడో ఒక్కొక్కటే చెబుతూ పోయింది.