మోటారక్క కట్టిన కంప్యూటరు

ఆ వీధిలో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ మోటారక్కే. కాలిపోయిన ఫ్యాను, మిక్సీ, నీళ్ళ పంపు ఏది తెచ్చినా మోటారు విప్పి, మాడిన తీగ తీసేసి, కొత్త రాగితీగ చుట్టి ఇవ్వడం ఆమె పని. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. తండ్రి పోయాక షాపులో మిగిలిన మోటార్లను ఒక్కొక్కటే విప్పి, తీగ ఎటునుంచి ఎటు పోయిందో చూసి, విప్పిన దారినే తిరిగి చుట్టింది. మొదట్లో చుట్టినవన్నీ పొగలు కక్కాయి. ఇప్పుడు ఆమె చేతి మీదుగా వెళ్ళిన సరుకు తిరిగి రాదు. రిపేరు ఎలా ఉందని ఎవరైనా అడిగితే నోటితో చెప్పదు, స్విచ్చి వేసి చూపిస్తుంది.

షాపు వెనక రెండు గదులు. ఒకదాంట్లో అమ్మ, వంట సామాను. రెండోదాంట్లో తమ్ముడు, అతని కంప్యూటరు.

తమ్ముణ్ణి గేమింగ్ సెంటర్లో మెరుపు అనేవాళ్ళు. తుపాకుల ఆటలో అవతలివాడు గోడ చాటునుంచి తల బయట పెట్టేలోపే కాల్చేసేవాడు. స్నేహితులతో టీము కట్టి పోటీలకు వెళ్ళేవాడు. ఓడినవాళ్ళు కూడా పోతూ పోతూ అతని కుర్చీ వెనక ఆగి, ఆ చేతుల్ని చూసి మరీ పోయేవాళ్ళు. అలాంటివాడు ఇప్పుడు వరసగా ఓడిపోతున్నాడు.

"నేను టైముకే నొక్కుతున్నానక్కా. ఈ ముసలిదే కదలట్లేదు," అనేవాడు కంప్యూటరు కేసి చూపించి.

అందులో అబద్ధం లేదు. అది నిజంగానే పాతది. ఆట మొదలైతే చాలు, తెర మీద మనుషులు తెగి తెగి కదిలేవాళ్ళు. కానీ చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కూడా తమ్ముడికి చాలాసేపు పడుతోందని ఇంట్లో అందరికీ తెలుసు. చేతిలోంచి గ్లాసు జారితే, "నూనె చేత్తో కడిగానేమోరా, నాదే తప్పు," అనేది అమ్మ. నరాల డాక్టరు అతని వేళ్ళు ఒకదానికొకటి తాకించి చూసి, ఇది మెల్లగా ముదిరే జబ్బనీ, మందులతో కొంత ఆలస్యం చేయగలమే గానీ పోయిన వేగం తిరిగి రాదనీ చెప్పాడు. బయటికొచ్చి మెట్లు దిగుతూ తమ్ముడు, "ఆయన మొహం! జన్మలో ఒక్క గేమన్నా ఆడుంటాడా అక్కా?" అన్నాడు. అక్క పకపకా నవ్వింది. నవ్వి, ఆ మాటనే గట్టిగా పట్టుకుంది. చెడింది మనిషి కాదు, మిషను. మిషనైతే తన చేతిలో పని.

అదే వారం టీము నుంచి ఫోనొచ్చింది. పెద్ద పోటీ ఉంది, ఆదివారం తమతో ఆడి చూపించమన్నారు. ఆట బాగుంటే అతని చోటు అతనిదే. లేకపోతే ఇంకొకణ్ణి చూసుకోక తప్పదు, ఏమీ అనుకోవద్దన్నారు.

మర్నాడే మోటారక్క గేమింగ్ సెంటరుకు వెళ్ళింది. అక్కడ కొత్త మిషన్లు వచ్చి, కొంచెం వాడినవి మూలన చేరాయని ఆమెకు తెలుసు. సెంటరు నడిపే బాబాయి ఆమె తండ్రి స్నేహితుడు. అక్కడి ఫ్యాన్లన్నీ ఆమె చుట్టినవే.

"నువ్వు కడతావా? ఇది మిక్సీ కాదు తల్లీ," అన్నాడు బాబాయి.

"మిక్సీ అయితే నీ దగ్గరికెందుకొస్తాను బాబాయ్? ఏది ఎక్కడ కూర్చుంటుందో ఒక్కసారి విప్పి చూపించు. రెండోసారి అడిగితే చెవి మెలిపెట్టు."

"నీ చెవి పట్టుకునే ధైర్యం మీ నాన్నకే ఉండేది కాదు," అని నవ్వుతూ ఒక మిషను మూత తీశాడు.

ఆమె చూసింది. లెక్కలు వేసేది ప్రాసెసరు. ఆట బొమ్మలన్నీ గీసేది గ్రాఫిక్స్ కార్డు. అన్నింటికీ తిండి పెట్టేది పవర్ సప్లై. బాబాయి చిన్న పవర్ సప్లై తీసిస్తే పక్కన పెట్టేసి, అన్నింటికంటే బరువైనది ఎంచుకుంది. "కరెంటు చాలకపోతే ఎంత మంచి మోటారైనా మూలుగుతుంది," అంది. బాబాయి సామానంతా అట్టపెట్టెలో సర్ది, తనే స్కూటరు మీద దింపి వెళ్ళాడు.

షాపు బల్ల మీద తీగచుట్టలన్నీ జరిపి శుభ్రమైన గుడ్డ పరిచింది. ప్రాసెసరును నొక్కకుండా, దాని బరువుకు అదే కూర్చునేలా వదిలింది. దాని మీద వేడి లాగే పేస్టు పలచగా రాసింది. వైర్లన్నీ వెనకనుంచి తిప్పి, ఎక్కడికక్కడ కట్టేసింది. తమ్ముడు స్టూలు మీద కూర్చుని చూస్తూ, "జడ వేస్తున్నావా అక్కా దానికి?" అన్నాడు. ఎన్నాళ్ళకో వేసిన జోకు. అమ్మ వంటగదిలోంచి, "నా జడ ఒక్కరోజన్నా వేసిన పాపాన పోలేదు," అంది.

చివరగా మానిటరు కేబులు. క్యాబినెట్ వెనక రెండు చోట్ల ఆ కేబులు పట్టే రంధ్రాలున్నాయి. పైన, భాగాలన్నీ కూర్చునే మదర్‌బోర్డువి, కింద గ్రాఫిక్స్ కార్డువి. కార్డు రంధ్రాలకు బాబాయి పెట్టిన రబ్బరు మూతలున్నాయి. మూత ఉన్నదాన్ని దుమ్ము పట్టకుండా అలాగే ఉంచడం ఆమె అలవాటు. పైగా పైదాన్లో పెడితే కేబులు వేలాడకుండా నీటుగా వస్తోంది. పైదాన్లోనే పెట్టింది.

స్విచ్చి వేసింది. తెర వెలిగింది. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. ఆట మొదలుపెట్టారు. మనుషులు మళ్ళీ తెగి తెగి కదిలారు. పాతదానికంటే ఏదో కాస్త నయం, అంతే.

మోటారక్క మొహం మాడిపోయింది. తమ్ముడు మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశాడు. "చూశావా? చూశావా అక్కా? నేను చెప్తూనే ఉన్నానా! ఇదీ ఆగి ఆగి లాగుతోంది. నాది కాదు ప్రాబ్లం!"

తర్వాతి రోజుల్లో ఇంట్లో కబుర్లు పెరిగాయి. ఆమె ప్రతి భాగం ఊడదీసి మళ్ళీ బిగించేది. అతను పక్కన కూర్చుని ఆదివారం ఎవరిని ఎలా పడగొడతాడో చెప్పేవాడు. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. శనివారం మధ్యాహ్నం ఆట నడుస్తుండగానే పక్క మూత తీసి, మోటారు మీద వేసినట్టే అరచెయ్యి గ్రాఫిక్స్ కార్డు మీద వేసింది. చల్లగా ఉంది. లోడు మోసే మోటారు చల్లగా ఉండడం ఆమె ఎన్నడూ చూడలేదు. అంటే ఇది పనే చేయట్లేదు. ఎందుకు చేయట్లేదో వెనక్కి వంగి చూసేసరికి రబ్బరు మూతలు కనిపించాయి. తెర కేబులు కార్డుకు లేదు, బొమ్మలన్నీ ప్రాసెసరే గీస్తోంది.

"దొరికిందిరా!" అని కేకపెట్టింది. "నా బుద్ధి గడ్డి తినా! తెచ్చిన ఎద్దును కొట్టంలో కట్టేసి మనమే బండి లాగుతున్నాం."

మూత పీకి కేబులు కార్డుకు పెట్టింది.

ఈసారి తెర మీద మనుషులు నీళ్ళ మీద ఆకుల్లా జారిపోయారు. ఎక్కడా తెగలేదు. తమ్ముడు మౌసు పట్టుకుని ముందుకు వంగాడు. అక్క అతని వెనక నిలబడింది.

శత్రువు ఎటునుంచి వస్తాడో అతనికి ముందే తెలుస్తోంది. గురి అక్కడికే పోయి ఆగుతోంది. శత్రువు వచ్చాక వేలు కదలాలి. అది కదిలేసరికి అంతా అయిపోయింది. తెర మీద అతని మనిషి పడిపోయాడు. ఇంకో ఆట. మళ్ళీ పడిపోయాడు. ఇన్నాళ్ళూ తెర ఆలస్యం వేలి ఆలస్యాన్ని కప్పింది. ఇప్పుడు కప్పడానికి ఏమీ లేదు. అక్క అతని చూపుడు వేలినే చూస్తూ నిలబడింది. ఏ మోటారులోనైనా లోపం కనిపిస్తే ఆమె చెయ్యి దానంతటదే పనిముట్టు మీదికి పోయేది. ఇక్కడ చెయ్యి ఎక్కడికీ పోలేదు.

"బాగైందా?" అంది అమ్మ గుమ్మంలోంచి.

తమ్ముడే, "బాగైందమ్మా," అన్నాడు.

ఆదివారం టీముతో ఆడాడు. రెండు ఆటలు కాకముందే అటువైపు మాటలు తగ్గిపోయాయి. చివరికి ఒకడు, మంచివాడే, మెల్లగా అడిగాడు. "ఏరా మెరుపూ, మిషను మళ్ళీ లాగుతోందా? సెట్ చేసుకుని వచ్చే వారం రా, చూద్దాం."

ఆ మాట స్పీకర్లో గదంతా వినిపించింది. మోటారక్క తన పని బాగాలేదన్న మనిషిని ఇన్నేళ్ళలో స్విచ్చి వేసి చూపించకుండా గుమ్మం దాటనిచ్చింది లేదు. ఇప్పుడు తమ్ముడి ముందుకొచ్చి, అవునని చెప్పమని తలూపింది. అతను చూసీ చూడనట్టున్నాడు. భుజం తట్టి, కంప్యూటరు వైపు చెయ్యి చూపించి, చెత్తది, చెత్తదని చెప్పమని శబ్దం రాకుండా పెదవులు కదిపింది.

తమ్ముడు ఆమెనే చూస్తూ మైకులో చెప్పాడు.

"లేదురా. మా అక్క కట్టింది. దీనికి వంక పెట్టడానికి లేదు. నా చోట్లో ఎవరినైనా తీసుకోండి."

అటువైపు నుంచి సరేనన్నారు. అతను మైకు వైరు పీకబోయాడు. వేళ్ళు జారాయి. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారాయి. అక్క సాయం పట్టబోయి, ఆగిపోయి, చేతులు వెనక్కి కట్టుకుంది. అతను తీసేదాకా అలాగే నిలబడి, షాపులోకి వెళ్ళి, ఏదీ పట్టుకోకుండా బల్ల ముందు కూర్చుంది.