పచ్చరంగు కింద పత్తిచేను

ఆదోనిలో ఒక ప్రైవేటు బడిలో నేను డ్రాయింగ్ టీచరుని. రెండేళ్ల కిందట మా బడి కమిటీలో పెద్దమనిషి, పత్తి వ్యాపారం, మిల్లు ఉన్న సేటు, కొత్త ఇల్లు కట్టుకున్నాడు. హాల్లో గోడకు పెద్ద పటం కావాలన్నాడు. "మన ఊర్ల పక్క కనపడే పొలం వెయ్యి టీచరమ్మా. తాకితే చేతికి గరుగ్గా తగలాల. అట్లాంటివి ఫోన్లో చూస్తాండాను" అన్నాడు.

మన పక్క పొలమంటే నాకు తెలిసింది ఒకటే. నందవరం దగ్గర మా ఊర్లో, పత్తి తీయడం అయిపోయినాక మిగిలే చేను. మా అమ్మ ముప్పై ఏళ్లుగా పరాయి చేలల్లో పత్తి తీసే కూలికి పోతాంది. నేను చదువుకున్నది ఆ కూలితోనే.

ఊరికి పోయి నల్లరేగడి మట్టి, ఎండిన పత్తికాయల డొప్పలు సంచిలో వేసుకుని వచ్చినాను. అమ్మ కూడా నాతో బస్సెక్కింది. కాన్వాసు మీద గోనెపట్ట పీలికలు సాళ్లుగా అతికించినాను. మట్టి జల్లెడ పట్టి, అక్రిలిక్ పేస్టులో కలిపి మందంగా పూసినాను. ఆరేసరికి అది నెర్రెలిచ్చింది. పూడ్చబోయి ఆగినాను. ఎండిన రేగడి అట్లే ఉంటుంది గదా.

అమ్మ పక్కన గొంతుక్కూర్చుని చూసింది. "సాళ్లు ఇంత దగ్గర పెడితే మనిషి యాడ నడుస్తుంది? పత్తి వేసుకునేదానికి ఒడి కట్టుకుంటే చీర తగులుకోదా?" అనింది. గోనె పీకి మళ్లీ అతికించినాను. డొప్పలు మాత్రం అమ్మే తన చేత్తో అంటించింది. గోధుమరంగు, కావిరంగు పైపైన రుద్ది, వెలిసిపోయిన ఆకాశం వేసినాను. అయిపోయినాక అమ్మ నిలబడి పటంలో ఆకాశం చూసి, "పొద్దు వాలింది. ఇంగ ఇంటికి పోవచ్చు" అనింది. నేను వేసిన బొమ్మలన్నింట్లో ఆమె మెచ్చి ఒక మాటన్నది దాని గురించే.

సేటు భార్య పటం చూసి మొహం ముడుచుకుంది. "కొత్తింట్లో ఎండిన చేను ఎవరన్నా పెట్టుకుంటారా? పచ్చగా వెయ్యి. ఒక కాలువ, రెండు కొబ్బరిచెట్లు పెట్టు."

"మీ మిల్లుకు పత్తి వచ్చేది ఇట్లాంటి చేన్లోంచే సార్" అన్నాను సేటుతో.

"పత్తి మిల్లులోకి వస్తే చాలు. హాల్లోకి చేనెందుకు?" అని నవ్వినాడు. నేనూ నవ్వినాను. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మర్నాడు బడిలో హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, "సేటు ఫోన్ చేసినాడు. రంగు మార్చేదానికి ఇంత పట్టింపు దేనికి?" అనింది. మూడు రోజులు వాళ్లింటి వసారాలో కూర్చుని చేనంతా పచ్చరంగు పూసినాను. డొప్పలకు ఎర్రరంగు వేస్తే పూల మాదిరి కనిపించినాయి. "పూలు బాగా వచ్చినాయి" అని మెచ్చుకుంది సేటు భార్య.

అమ్మకు చెప్పలేదు. ఆమె మాత్రం తను చెయ్యి వేసిన పటం సేటు ఇంట్లో ఉందని తోటి కూలోళ్లకంతా చెప్పుకుంది. గృహప్రవేశానికి మంచి చీర కట్టుకుని వచ్చింది. హాల్లో నాలుగు గోడలూ చూసి, "మనది యాడ పెట్టినారు?" అనడిగింది.

"ఇదేమ్మా."

దగ్గరికి పోయి చూసింది. "వాళ్లు అడిగినారా, నువ్వే వేసినావా?"

"వాళ్లే అడిగినారు."

"అడిగితే వేసేస్తావా?"

భోజనానికి పిలిచినారు. ఆకలి లేదని చెప్పి అమ్మ బస్టాండుకు పోయింది.

ఆ పటం చూసి ఇంకో ఇద్దరు వ్యాపారులు అట్లాంటిదే కావాలన్నారు. వేసిచ్చినాను. కూలి లేని రోజు అమ్మ నా దగ్గరికి వస్తుంది, వంట చేస్తుంది, ఊరి సంగతులు చెబుతుంది. ఏం వేస్తాండావని మాత్రం అడగదు.